తెల్లబట్టలాయన అనని మాట

ఇక్కడ రాసే ప్రతి మాటా నిజమని, కుడిచెయ్యి బైబిలు వాక్యం మీద, ఎడమచెయ్యి బాగుపడిన నా గుండెలమీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. బరంపురం బడాబజారులో ఇరవై ఎనిమిదేళ్ళుగా పట్టుచీరలు అమ్ముతున్నవాడి ప్రమాణం ఎన్ని ఉతుకులకు నిలుస్తుందని నన్నెరిగినవాళ్ళు నవ్వొచ్చు. నవ్వండి. ఒకే చీరని పొద్దున్న ఒకావిడకి, ఈ అంచు ఫలానా జమీందారిణి పెళ్ళికి నేయించిందని చెప్పి చూపించాను. ఆవిడ కొనకపోతే సాయంత్రం ఇంకొకావిడకి, ఆ జమీందారిణి చెల్లెలు దీనికోసం మూడు రోజులు అన్నం మానేసిందని చెప్పి అమ్మాను. చీర మాత్రం మంచిదే ఇచ్చాను. కథ ఊరికే ఇచ్చాను.

ఈసారి అమ్మడానికేమీ లేదు. ఓపిక కూడా లేదు. అబద్ధమాడటానికి చాలా ఓపిక కావాలని జబ్బు పడితేగాని తెలియలేదు. ఎవరికైనా నాలాగే క్షయ వచ్చి, దాంతోపాటు ఓ కల కూడా వస్తే, ఆ కలని నేను చేసినట్టు చెయ్యకండని చెప్పడానికి రాస్తున్నాను. సగం మీకోసం. మిగతా సగం, పొద్దున్న లేచి అద్దంలో మొహం చూసుకోవాలి గదా, అందుకోసం.

ఆగస్టులో మొదలైంది దగ్గు. కొట్లో చీర మడత విప్పుతూ దగ్గితే జరీ దుమ్మన్నాను. పంట్లాం జారిపోతుంటే ఉపవాస ప్రార్థనలన్నాను. మా సావుకారుగారు మూడు తరాలుగా ఇక్కడ వ్యాపారం చేస్తున్న కోమట్ల ఇంటాయన. మాటలు తక్కువ, చూపులెక్కువ. "ఆనందరావూ, ఆ దగ్గేటి? మంచి డాక్టరుకి సూపించు," అన్నారు. సాయంత్రానికల్లా తగ్గుతుందన్నాను. ఏ సాయంత్రమో చెప్పలేదు.

సెప్టెంబరులో ఒకరోజు జేబురుమాల్లో ఎర్రగా పడింది. ఉతకడానికి వేస్తే మా ఆవిడ కరుణ పట్టుకుంది. కరుణ మా మేనమామ కూతురు. చిన్నప్పటినుంచి నా కథలు విని పెరిగింది కాబట్టి ఏ కథ ఎక్కడ తెగుతుందో దానికి తెలుసు.

"ఇదేటి బావా?"

"పాన్ నమిలాను."

"పాన్ మానీసి ఎనిమిదేళ్ళయింది."

"మళ్ళీ మొదలెట్టాను."

"నోరు తెరువు." తెరిచాను. నాలిక తెల్లగా ఉంది. కరుణ రుమాలు బకెట్లో పడేసి, గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చింది. మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

పెద్దాసుపత్రి బెంచీమీద నేను గడిపిన గంటలన్నీ అతికితే ఒక ఉద్యోగం అవుతుంది. ఎదురుగా తలుపు. తలుపు దగ్గర నర్సమ్మ. ఎవరు లేచి అడిగినా ఆవిడది ఒకటే మాట, "టికే రొహొంతు." కాస్త ఆగండని. ఆ కాస్త మధ్యాహ్నం దాకా సాగుతుంది. కఫం డబ్బా చేత్తో పట్టుకుని కూర్చోవడంలో ఎంత సిగ్గుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అందరి చేతుల్లోనూ అదే డబ్బా ఉన్నా, ఎవరిది వాళ్ళు కొంగుకింద, సంచిలో దాచుకుంటారు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆవిడ చీరనుంచి ఎండుచేపల వాసన. మాస్కు పైకి లాక్కున్నాను.

"ఏటి బావూ, ముక్కు మూస్కున్నావు? నా వాసనకా, నీ రోగానికా?"

"రెంటికీ అప్పా," అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి, దగ్గు ఆగక బెంచీ పట్టుకుని వంగిపోయింది. నాకూ అదే జరిగింది. ఇద్దరం చెరో వైపుకి వంగి దగ్గుతుంటే నర్సమ్మ బయటికొచ్చి, మీరిద్దరూ అక్కాతమ్ముళ్ళా అని ఒడియాలో అడిగింది. ఆవిడే జవాబు చెప్పింది, అవునని. తర్వాత నాకేసి తిరిగి, "ఈ మాయదారి జబ్బు కలిపిన తమ్ముడివి," అంది.

ఆవిడ పేరు పోలమ్మ. ఆర్యపల్లిలో ఎండుచేపలు అమ్ముతుంది. పరీక్షలకోసం బరంపురంలో కూతురింట్లో ఉంటోంది. మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు, నెలకోసారి సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో ప్రార్థన పెడతారు. ఆ ప్రార్థనకి వస్తానని చెప్పింది. అయితే మనది ఒకే సంఘం అన్నాను. "సంగం ఒకటే, జబ్బూ ఒకటే. నీకు తగ్గితే నాకూ తగ్గుతాది," అంది. ఫ్యానుకింద ఉన్న తన చోటు నాకిచ్చి, తను గోడవైపు జరిగింది. ఇద్దరికీ ఆ రోజే చెప్పారు, క్షయ అని. ఆరు నెలలు, రోజూ మాత్రలు, ఒక్క రోజు కూడా మానకూడదు. ఆవిడ మందు ఛత్రపురంలో తీసుకునే ఏర్పాటు చేసుకుంది. నేనిక్కడ.

అక్టోబరు, నవంబరు సంగతి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. పొద్దున్నే మాత్రలు. ఒంటికి వెళ్తే ఎర్రగా వచ్చేది. మొదటిసారి చూసి చచ్చాననుకున్నాను. మందు రంగేనట. తిన్నది కడుపులో నిలిచేది కాదు. కీళ్ళు అరవై ఏళ్ళ వాడి కీళ్ళలా పలికేవి. కరుణ నాకో కంచం, గ్లాసు వేరు చేసింది. తను ముందుగదిలో పడుకునేది. తప్పు కాదని తెలుసు. అయినా కంచం మీద చెంచా మోగినప్పుడల్లా కోపం వచ్చేది. "కుక్కకి పెట్టినట్టు పెడతన్నావు," అన్నానొక రోజు. "కుక్కయితే మాట పడదు," అని వెళ్ళిపోయింది.

కరుణ ఇంట్లో కూర్చుని చీరలకి ఫాల్ కుడుతుంది. ఇంట్లో క్షయ ఉందని తెలిసి వీధిలోవాళ్ళు చీరలు ఇవ్వడం మానేశారు. నాకు చెప్పలేదది. కుట్టుమిషను పక్కనుండే చీరల దొంతర రోజురోజుకీ దిగిపోతుంటే మంచంమీదనుంచి చూస్తూనే ఉన్నాను. చివరికి బల్ల ఖాళీ అయింది. రెండు రోజుల తర్వాత సావుకారుగారు తమ బండిలో పన్నెండు రంగుచీరలు పంపారు. తమ అమ్మగారి చీరలని చెప్పించారు. ఆవిడ భర్త పోయి, పదేళ్ళుగా తెల్లచీర తప్ప కట్టదు. ఆ అబద్ధం సావుకారుగారిది. నేను విన్న అబద్ధాల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

మందు మింగించడం కరుణ పని. మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాక, "నోరు తెరువు, నాలిక ఎత్తు," అనేది. ఆరు నెలలూ ఒక్క రోజు వదల్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

డిసెంబరు మొదట్లో, ఒక మధ్యాహ్నం, కల వచ్చింది. గంజి తాగి పడుకున్నాను. వాకిట్లో ఎండ. కలలోనూ అదే వాకిలి, అదే ఎండ. గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. ఉతికి ఆరేసిన నూలు బట్టలు, తెల్లవి. పాదాలు తడిగా ఉన్నాయి. నాకేసి చూస్తున్నాడు. ఏదో చెప్తాడని ఎదురుచూశాను. చెప్పలేదు. బస్సుకోసం నిలబడ్డవాడికి తొందర లేకపోతే ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. నాకు మెలకువ వచ్చేసరికి ఆయన లేడు. మొహమంతా తడి. నీరసం అలాగే ఉంది, కీళ్ళు అలాగే ఉన్నాయి. భయం మాత్రం లేదు. ఆగస్టునుంచి గుండెమీద కూర్చున్నది లేచి వెళ్ళిపోయింది.

మా సంఘంలో దర్శనాల విషయంలో అయ్యగారు పెట్టిన పద్ధతొకటుంది. అయ్యగారిది పలాస. పీఠం ఎక్కితే గ్రంథంలోని భాష, దిగితే మా భాష. ఆయన అనేవారు, "దర్సనం సూసినోడు ముందు పెళ్ళానికి సెప్పాల. ఆవిడ నవ్వకపోతే నాకు సెప్పాల. నానూ నవ్వకపోతే అప్పుడు సంగానికి." నవ్వులాటకి అన్నట్టుంటుందిగాని, ఆయన చాలా గట్టిగా పాటించేవారు. కరుణకి చెప్పాను.

"ఏటన్నాడాయన?"

"ఏటీ అననేదు కరుణా. ఊరికే నిలబడ్డాడు." చెప్తూనే ఏడుపొచ్చింది. ఆయన నాతో మాట్లాడలేదని ఏడ్చాను. పెద్దవాణ్ణి, నాకే సిగ్గేసింది. కరుణ నవ్వలేదు. రెండు నెలల తర్వాత మొదటిసారి మంచం మీద నా పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడిచింది.

అయ్యగారొచ్చారు. ఆయనా నవ్వలేదు. "నిన్ను పెద్దోణ్ణి సేసినాడా?" అని అడిగారు.

"నేదయ్యగారూ."

"ఎవులికేనా ఏటేనా సెయ్యమని సెప్పినాడా?"

"నేదు."

"బయం పోయిందా?"

"పోయింది."

"అయితే మంచిదే. దేవుడిదో, నీ జొరానిదో ఇప్పుడే సెప్పనేను. నువ్వూ సెప్పీయకు. అలాగ ఉండనీ. కాయ కాసినాక సూద్దుం. ఒకటే మాట ఆనందరావూ, దానికి ఏటీ కలపకు. నీ సంగతి నాకు తెలుసు."

కలపనన్నాను. ఆ రోజు నిజంగానే అన్నాను.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం మా దగ్గర ఉమ్మడి ఆరాధన. ఆర్యపల్లినుంచి, చమఖండినుంచి టెంపోల్లో జనం వస్తారు. పాటలయ్యాక సాక్ష్యాలు. లేచి దేవుడు తమకేం చేశాడో చెప్పుకోవడం. ఒకరి సాక్ష్యానికి జనం స్తోత్రం అని గట్టిగా కేకేస్తే తర్వాతివాడు దాన్ని దాటాలి. అలాగని ఎక్కడా రాసిలేదు, కాని దాటాలి. నాకు ముందు ఒకాయన కాలిమీద పాము వెళ్ళినా కాటెయ్యలేదని చెప్తే కప్పు లేచిపోయింది. తర్వాత నేను లేచాను. ఎముకలగూడులా ఉన్నాను. నేను లేవగానే అంతా సద్దుమణిగింది. అప్పటికే సగం సాక్ష్యం నా ఆకారమే చెప్పేసింది.

చెప్పాను. వాకిలి, ఎండ, తెల్లబట్టలు, తడిపాదాలు. నిలబడ్డాడన్నాను. ఆగాను. అక్కడితో అయిపోయింది కదా. ముందు వరసలో ఒక ముసలమ్మ మెడ చాచి, "ఏటన్నాడు బావూ?" అంది.

చీర అంచుమీద కొనేవాళ్ళ చెయ్యి ఆగి, ఇక పక్కన పెట్టేస్తారనగా నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. "మందులు సాలు, ఇంక నానున్నాను, అన్నాడమ్మా," అన్నాను. స్తోత్రం మొదలైంది. ఆ హోరులో ఇంకోటి కూడా వచ్చేసింది. "ఆ రోజునుంచి ఒక్క మాత్ర ముట్టనేదు!"

ఆ పొద్దున్నే కరుణ నా నాలిక ఎత్తించి చూసింది.

ఆడవాళ్ళ వైపు కరుణ తలవంచుకుంది. అయ్యగారు నాకేసి ఒక్క చూపు చూసి, పాటల పుస్తకం తెరిచి పాట సంఖ్య చెప్పారు. పాట మొదలైంది.

ఆరాధన అయ్యాక పోలమ్మప్ప జనాన్ని తోసుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. బాగా నలిగిపోయి ఉంది. "ఆ మాత్రలు నా కడుపు కోసీతన్నాయి తమ్ముడూ. తిన్నదంతా కక్కీతన్నాను. నీకు సెప్పినాడంటే నాకూ సెప్పినట్టే. ఒకటే జబ్బు గదా మనది!" అంది.

అప్పుడు చెప్పాలి. నా చేతులు ఆమె చేతుల్లో ఉన్నాయి, చుట్టూ జనం, అందరూ నాకేసి చూస్తున్నారు. నేను నవ్వాను. అంతే చేశాను.

ఆటోలో కరుణ, "రేపు మాత్ర ఎయ్యవా, అయితే?" అంది.

"ఏసుకుంటాను."

"మరి?"

"అది సాచ్చికం కరుణా. జనానికి బలం ఒస్తాది."

"కోరటులో సాచ్చికం తప్పు సెప్తే జైల్లో ఏస్తారు బావా. గుళ్ళో సెప్తే సప్పట్లు కొడతారేటి?"

ఆ వారమే భయం తిరిగొచ్చింది. ఆ కల తీసేసిన భయం. అప్పుడు నేను దాన్ని మందు వేడి అనుకున్నాను.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒళ్ళు కోలుకుంది. గంట, రెండు గంటలు కొట్లో కూర్చోగలిగాను. ఇళ్ళలో ప్రార్థనలకి పిలిచి సాక్ష్యం చెప్పమనేవారు. చెప్పాను. చెప్పినప్పుడల్లా కొంత పెరిగింది. ఒక చోట ఆయన చేతిలో దీపం వచ్చింది. ఇంకోచోట మల్లెల వాసన. కరుణ ఇంటికొచ్చాక, "పోయిన వారం దీపం నేదు. ఎప్పుడు కొన్నాడు?" అనేది. నేను నవ్వేవాణ్ణి. కాని ఒక సంగతి కరుణక్కూడా చెప్పలేదు. నాకు ఆ గొంతు వినబడసాగింది. కళ్ళు మూసుకుంటే ఆ గుమ్మం, ఆ ఎండ, ఆయన పెదాలు కదలడం, "సాలు" అనడం. కాస్త బొంగురు గొంతు, మెత్తగా. నిజంగా విన్నట్టే జ్ఞాపకం. ఇంతకన్నా భయంకరమైనది జబ్బులో కూడా చూడలేదు. కఫంలో రక్తం పడితే రక్తమని తెలుస్తుంది. ఇది నాదో, ఆయనదో తెలియలేదు.

ఫిబ్రవరి చివర అయ్యగారు ఇంటికొచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పోలమ్మ క్రిస్మస్నుంచి మందు మానీసింది. రగతం పడతంది. కూతురు బతిమాలినా, నాను బతిమాలినా ముట్టదట. 'తమ్ముడు మానీసినాడు, బతికినాడు' అంటంది. మనిసి నేవనేకపోతంది."

నేను మంచంమీద కూర్చుండిపోయాను. ఇంకొక చివర కరుణ చేతిలో సూది ఆగిపోయింది.

"నువ్వొచ్చి సెప్పాల," అన్నారు అయ్యగారు.

ఇక్కడ నేనన్న మాట రాయడానికే సిగ్గుగా ఉంది. "అయ్యగారూ, ఒకేళ నిజంగానే అన్నాడేమో? నాకు ఆ గొంతు వినబడతంది," అన్నాను.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అలిసిపోయినట్టు గోడకానుకున్నారు. "ఆ రోజే నేచి ఆపాల్సింది నాను. పండగ పాడవుతాదని ఊరుకున్నాను. నా తప్పూ ఉంది. ఇప్పుడు ఒకటి సెప్పు. ఆ గొంతు మొదట ఎక్కడ విన్నావు? ఆ మద్దేనం మంచంమీదా, ఆ ఆదివారం గుళ్ళో నీ నోటంటా?"

నాకు తెలియలేదు. నిజం చెప్తున్నాను, ఎంత వెతికినా దొరకలేదు. అతుకు ఎక్కడుందో నేను వేసినవాణ్ణే చూడలేకపోయాను.

కరుణ సూది పక్కన పెట్టింది. "ఆయన ఏటీ అననేదని నువ్వేడ్సినావు బావా," అంది. "ఆ ఏడుపు తుడిసింది నాను. మాటాడుంటే ఎందుకేడుస్తావు?"

అంతటితో తేలిపోయింది. నా జ్ఞాపకంలో గొంతు ఉంది, కరుణ కొంగుకి నా కన్నీళ్ళు ఉన్నాయి. రెంటిలో ఏది నమ్మాలో అయ్యగారు నన్నడగలేదు.

మర్నాడు నేనూ కరుణా ఛత్రపురం బస్సెక్కాం. అక్కడినుంచి ఆర్యపల్లికి ఆటో. ఇసకలో పది అడుగులు వేస్తే నిలబడి ఊపిరి తీసుకోవాల్సొచ్చింది. పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. ఆడవాళ్ళు వలమీద నెత్తళ్ళ చేపలు ఎండబోస్తున్నారు. నన్ను చూసి ఒకామె పక్కదానితో, "సాచ్చికమాయన ఒచ్చినాడు," అంది.

పోలమ్మప్ప ఇంటి చూరుకింద నులకమంచంమీద ఉంది. మనిషి కనబడటం లేదు, దుప్పటిలో మడత కనబడుతోంది. నన్ను చూసి లేవబోయింది. లేవలేదు. తల్లిని చూసుకోవడానికి బరంపురంనుంచి వచ్చిన కూతురు ముఖం తిప్పుకుని చేపలు కోస్తోంది.

"ఒచ్చినావా తమ్ముడూ. ప్రార్దన సేస్తావేటి?"

నేను జేబులోంచి మందు కార్డు తీశాను. రోజుకో గుర్తు పెట్టే కార్డు. ఆమె దగ్గరా అలాంటిదే ఉంది. చదువు రాకపోయినా ఆ కార్డు చదవడం వచ్చు. అక్టోబరునుంచి ఒక్క గడి ఖాళీ లేదు. ఆమె వేలు ఒక్కొక్క వరసే దాటుకుంటూ వచ్చి డిసెంబరు దగ్గర ఆగింది. దాటింది. జనవరి. ఫిబ్రవరి.

"ఇదేటి? నువ్వు మాననేదా?"

"నేదప్పా. ఒక్కరోజూ మాననేదు."

"ఆయన సాలన్నాడు గదా?"

"ఆయన ఏటీ అననేదు. ఊరికే నిలబడ్డాడు. ఆ మాట నానన్నాను."

కూతురు కత్తిపీట తోసేసి లేచింది. "నీ నోట్లో పురుగులు పడ! మాయమ్మని సంపీడానికా నీ కతలు? అక్కడ సీరలమ్ముకోక దేవుణ్ణమ్ముతావా?" అంది. ఇంకా చాలా అంది. కరుణ అడ్డు వెళ్ళబోతే నేనే ఆపాను. వాటిలో ఒక్కటి కూడా అబద్ధం లేదు.

అప్పుడు పోలమ్మప్ప నవ్వింది. దగ్గు రాకుండా, నెమ్మదిగా. "పోనీలే తమ్ముడూ, నీ నోటికి నానే దొరికినాను," అని, చెయ్యి చాచి నా తలమీద పెట్టింది. తర్వాత కూతురుకేసి చూసి, "నీల్లియ్యే," అంది.

ఆ సాయంత్రమే అయ్యగారు ఆటో మాట్లాడి ఆమెని బరంపురం పెద్దాసుపత్రికి చేర్చారు. మళ్ళీ అదే బెంచీ, అదే "టికే రొహొంతు." మధ్యలో మానేసింది కాబట్టి పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి. ఈసారి మందు ఇంకా ఎక్కువ కాలం. కొన్నాళ్ళు వార్డులో ఉంచారు. బతుకుతుందని మొదటి రెండు వారాలు ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ రెండు వారాలు నేను ఎలా నిద్రపోయానో రాయను.

ఆదివారం సంఘం ముందు నిలబడి, కలలో ఎంతుందో నేను ఎంత కలిపానో చెప్పాను. ఈసారి స్తోత్రం రాలేదు. ముందు వరసలో ముసలమ్మ, "అయ్యో, మంచి సాచ్చికం పాడు సేసీసినావు బావూ," అంది. ఆ రోజు ఆర్యపల్లినుంచి వచ్చినవాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు. ఇళ్ళ ప్రార్థనలకి పిలవడం మానేశారు. ఒక పెద్దమనిషి నన్ను పక్కకి తీసుకెళ్ళి, దేవుడు నిజంగానే మాట్లాడాడు, సాతాను నీచేత అబద్ధమని చెప్పిస్తున్నాడు అన్నాడు. ఆయనతో వాదించే ఓపిక లేదు. మాట్లాడాడని చెప్తే నమ్మడానికి ఒక్క క్షణం పట్టింది. మాట్లాడలేదని చెప్తే నాకు రుజువులు అడుగుతున్నారు.

ఏప్రిల్లో నా కఫంలో ఏమీ లేదన్నారు. కరుణ నా కంచం, గ్లాసు తిరిగి అందరివాటితో కలిపేసింది. ఎప్పుడు కలిపిందో చెప్పలేదు. ఒకరోజు అన్నం తింటూ చూసుకుంటే అది నా వేరు కంచం కాదు.

ఆ కల దేవుడిదేనా? అయ్యగారిని మొన్న అడిగాను. "నీ బయం తీసింది ఎవులైతే ఆయనే. మళ్ళీ తెచ్చింది నువ్వు. అంతమట్టుకు నాకు తెలుసు," అన్నారు. అంతకన్నా నాకూ తెలియదు. ఒకటి మాత్రం చెప్పగలను. మీకలాంటిదేదైనా కనబడితే, కనబడ్డది అప్పుడే దగ్గరివాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పేయండి. మీకు నచ్చే మాట ఏదైనా అందులో తర్వాత చేరిందంటే, ఎవరు చేర్చారో వాళ్ళకి తెలుస్తుంది. ఆ మాటని పట్టుకుని పక్కవాడు మందు మానేస్తాడేమో చూసుకోండి. మందు మాత్రం మానకండి. దీనికి దర్శనం అక్కర్లేదు.

ఇంకొకటి. పైన ప్రమాణం చేశాను కాబట్టి చెప్పాలి. ఇందులో ఒక చోట కలిపాను.

పోలమ్మప్ప నవ్వలేదు. "పోనీలే తమ్ముడూ" అనలేదు. నా తలమీద చెయ్యి పెట్టలేదు. కార్డుకేసి చాలాసేపు చూసి, నా చేతికి కాక కరుణ చేతికి తిరిగిచ్చింది. కూతుర్ని నీళ్ళడిగి మాత్ర మింగింది. గోడవైపు తిరిగి పడుకుంది. అది జరిగింది.

ఆ ముక్క రాస్తున్నప్పుడు కూడా నోరు దానంతటదే తెరుచుకుంది. తర్వాత చదువుకుంటే ఆ నవ్వు నాకు వినబడింది కూడా. కొట్టేద్దామని కలం ఎత్తి, ఆగాను. అదెంత సులువుగా వస్తుందో మీరూ చూడాలని ఉంచేశాను.

ఆమె ఇప్పుడు నడుస్తోంది. నెలకోసారి పరీక్షకి బరంపురం వస్తుంది. నేను వెళ్ళి బెంచీమీద ఆమె పక్కన కూర్చుంటాను. వద్దనదు. మాట్లాడదు. నిన్న కూడా కూర్చున్నాను. లోపలినుంచి పేరు పిలిచేదాకా రెండు గంటలు పట్టింది. పిలిచాక ఆమె లేచింది, గోడ పట్టుకుంది, లోపలికి వెళ్ళింది. నాకేసి చూడలేదు.